చెడ్డ బాణం చెప్పే దూరం

రైఫిలైతే 200 నుంచి 300 గజాలు. కాంపౌండ్ విల్లయితే 30, 40 గజాలు, చెయ్యి బాగా తిరిగినవాడికి ఇంకాస్త. అమెరికా పడమటి గడ్డి మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ అనే జింకలాంటి జంతువు వేటకి వెళ్లేవాళ్లు మామూలుగా చెప్పుకునే దూరాలివి. చెప్పడానికి నిమిషం చాలు. అందులో నీ అంకె ఏదో తేల్చుకోవడానికి మాత్రం ఒక సీజనంతా పడుతుంది. నేను రాస్తున్నది ఆ రెండో పని గురించి.

నేను వేటగాణ్ణి కాను. మైలవరంలో పిల్లలకి విలువిద్య నేర్పుతాను, విల్లులు ట్యూన్ చేస్తాను, తెగిన స్ట్రింగులు మారుస్తాను. ఒక్క జంతువు మీద కూడా బాణం వదల్లేదు, వదలబోను. అయినా ఈ ప్రశ్న నా దాకా వచ్చింది. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతూ నా దగ్గర కాంపౌండ్ పట్టిన కుర్రాడొకడు ఇప్పుడు డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆఫీసులో స్నేహితులు పక్కనే ఉన్న వయోమింగ్‌కి ప్రాంగ్‌హార్న్ వేటకి పిలిచారట. ఆ జంతువులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆ రాష్ట్రంలోనే. అక్కడ వేట చట్టబద్ధం. లైసెన్సు లాటరీలో తగలాలి, సేఫ్టీ క్లాసు పాసవ్వాలి. రెండూ అయ్యాక వీడికి గురువు గుర్తొచ్చాడు.

"సార్, 50 మీటర్లలో మనం పసుపు దాటి వెయ్యం కదా, 50 నుంచే కొట్టేస్తే పోలా?" అన్నాడు.

వాడి లెక్క వినడానికి బాగానే ఉంటుంది. కాంపౌండ్‌లో మన పోటీ దూరం 50 మీటర్లు. టార్గెట్ కాగితం 80 సెంటీమీటర్లది. మధ్యలో పసుపు. అందులో పది పాయింట్ల వలయం అడ్డంగా కొలిస్తే 8 సెంటీమీటర్లు, తొమ్మిది 16, ఎర్రలో మొదటిదైన ఎనిమిది 24. ప్రాంగ్‌హార్న్ 50, 60 కిలోల జంతువు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది, తొమ్మిది అంగుళాల వలయం, అంటే దాదాపు మన ఎనిమిది వలయమంత. పోటీలో ఎనిమిది పడితే మావాళ్లు మొహం మాడ్చుకుంటారు. అలాంటప్పుడు 50 మీటర్లకి భయమెందుకు?

భయమెందుకో చెప్పాలంటే ఈ విల్లు పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి. కాంపౌండ్ వేట కోసమే పుట్టింది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ అనే అతను విల్లు కొసలకి చక్రాలు బిగించి, 1966లో పేటెంట్‌కి అర్జీ పెట్టుకుంటే 1969లో చేతికొచ్చింది. మామూలు విల్లు లాగినకొద్దీ బరువెక్కుతుంది. దీనికి క్యాములుంటాయి, అంటే ఆ చక్రాలే. సగం దాటాక బరువు ఒక్కసారి దిగిపోతుంది. దాన్నే లెట్ ఆఫ్ అంటాం. 55 పౌండ్ల విల్లు పూర్తిగా లాగాక వేళ్ల మీద పదిహేనో ఇరవయ్యో పౌండ్లే మిగులుతాయి. జింక తల తిప్పేదాకా లాగి పట్టుకుని కూర్చోడానికి కనిపెట్టిన ఈ వెసులుబాటుని మనం పతకాలకి వాడుకున్నాం.

మన బెజవాడకైతే మరీ బాగా కలిసొచ్చింది. చెరుకూరి సత్యనారాయణ గారి వోల్గా ఆర్చరీ అకాడమీ, 2010లో రోడ్డు ప్రమాదంలో పోయిన ఆయన కొడుకు లెనిన్ వేసిన పునాది, వాళ్ల చేతుల మీదుగా వచ్చిన పిల్లలు. ఇవి లేకపోతే మైలవరంలో నాలాంటివాడికి ఈ పనే ఉండేది కాదు. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో మన వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టింది. వ్యక్తిగత ఫైనల్లో స్కోరు 149. పదిహేను బాణాలకి 150 గదా, అంటే పద్నాలుగు పదులు, ఒక్క తొమ్మిది. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లా ఆ ఫైనల్ ఫోన్‌లో చూసే వస్తుంది. వచ్చిన మొదటి రోజే 50 గీత మీద నిలబడతానంటుంది.

నిలబడనివ్వను. మొదట 5 మీటర్లు. కాగితం కూడా పెట్టను, ఉత్త బట్ మీదే వేయిస్తాను. బట్ అంటే బాణాలు గుచ్చుకునే దిమ్మ. కళ్లు మూసుకుని లాగాలి, భుజం వెనక్కి నెట్టాలి, రిలీజ్ తనంతట తాను విడిపోవాలి. రిలీజ్ అంటే చేతిలో పట్టుకునే చిన్న మీట, వేళ్లతో స్ట్రింగ్ పట్టుకోం. ఎప్పుడు విడిపోయిందో నీకే తెలియకూడదు. తెలిసి నొక్కావంటే ఎప్పటికైనా టార్గెట్ పానిక్ వస్తుంది. గురి చుక్క పసుపు మీదికి రాగానే చెయ్యి బిగుసుకుపోయే జబ్బది. మంచి మంచి వాళ్లని మంచాన పడేసింది. 5 మీటర్లంటే సిగ్గుపడనక్కర్లేదు. బెజవాడలోనే మూడేళ్లు నిండని పిల్ల 2015లో 5, 7 మీటర్ల నుంచి 36 బాణాలు వేసి 200 పైన పాయింట్లు తెచ్చి రికార్డు పుస్తకానికెక్కింది.

ఐదులో కుదిరాక పది, ఆ తర్వాత పద్దెనిమిది, ముప్ఫై. గీత వెనక్కి జరపడానికి ఒకటే నియమం. ఇది నాది కాదు, బెజవాడలో నాకు మొదటిసారి వెదురు విల్లు చేతికిచ్చిన గురువుగారిది. ఆయన ఇండియన్ రౌండ్ మనిషి. 50 మీటర్లు, 30 మీటర్లు, విల్లుకి సైటూ ఉండదు, స్కోపూ ఉండదు. మేం ఆరు బాణాలు వేసి పరిగెత్తుకెళ్లి మంచివాటి ముందు నిలబడేవాళ్లం. ఆయన నింపాదిగా నడిచొచ్చి అన్నిటికంటే దూరంగా పడ్డదాని మీద వేలు పెట్టేవారు. "ఇదిగో, ఇదీ నువ్వు. మిగతా అయిదూ నీ అదృష్టం" అనేవారు. ఆ చెడ్డ బాణం వలయంలోకి వచ్చేదాకా గీత కదిలేది కాదు. ఒకే దూరం మీద నెలలు గడిచిన రోజులున్నాయి. అప్పట్లో తిట్టుకున్నాం. ఇప్పుడు నా పిల్లలు నన్ను తిట్టుకుంటున్నారు.

ఆయన నేర్పిన ఇంకో కిటుకు ఈ వేట ప్రశ్నకి సూటిగా తగులుతుంది. పొద్దున్నే వచ్చి, చేతులు విదిలించుకోకుండా, ఒక్క బాణమైనా అలవాటుకి వెయ్యకుండా, నేరుగా మొదటి బాణం వేయించేవారు. అది ఎక్కడ పడిందో పుస్తకంలో రాయించేవారు. పోటీలో నీకు ప్రాక్టీసు బాణాలుంటాయి, స్కోరుకి 72 ఉంటాయి, రెండోది సర్దుకోవచ్చు. వేటగాడికి ఉన్నది ఆ మొదటి బాణమే. చలికి వేళ్లు కొంకర్లు పోయి, గంటలకొద్దీ ముడుచుకుని కూర్చుని, గుండె దడదడలాడుతుండగా వేసేది. డెన్వర్ కుర్రాడికి ముందు ఈ పనే పెట్టాను. "రోజూ పొద్దున ఒక్కటే బాణం. వేసి, రాసి, ఫోటో పంపు" అన్నాను. నెల తిరిగేసరికి వాడి 50 మీటర్ల ధీమా కాగితం మీద కరిగిపోయింది. మొదటి బాణాలు ఎర్ర దాటి నీలంలోకి కూడా పోయాయి. వాడేం చెడ్డ ఆర్చర్ కాదు. మొదటి బాణం ఎవరికైనా అంతే.

ఇప్పుడు దూరం అంచనా సంగతి. మైదానంలో 50 అంటే టేపు పెట్టి కొలిచి ముగ్గు గీసిన 50. జంతువు ముగ్గు మీద నిలబడదు. బాణం సెకనుకి 80, 85 మీటర్లు పోతుంది, అయినా తిన్నని గీతలా పోదు, వంగుతూ పోతుంది. సైట్ 50కి పెట్టి 55లో ఉన్నదాన్ని కొడితే దాదాపు జానెడు కిందకి పడుతుంది. అదే సైట్‌తో 45లో ఉన్నదాన్ని కొడితే ఆరంగుళాలు పైకి. అయిదు మీటర్ల పొరపాటుకి ఎనిమిది వలయం తప్పిపోయింది. అదే పొరపాటు 20 మీటర్ల దగ్గర చేస్తే తేడా 10 సెంటీమీటర్ల లోపే. దూరం పెరిగినకొద్దీ చిన్న తప్పుకి పెద్ద జరిమానా పడుతుంది.

జూనియర్ విల్లులకైతే వేగం తక్కువ, వంపు ఇంకా ఎక్కువ. మా పిల్లవాడొకడు సైట్ 50 మీదే వదిలేసి 30 గీత మీద నిలబడి వేశాడు. బాణం బట్ పైనుంచి ఎగిరి వెనక మట్టికట్టలో దిగబడింది. కట్ట లేకపోతే అవతలి మామిడితోటలో దిగేది, కాయలు కోసే రోజులవి. అప్పటి నుంచీ గీత మారినప్పుడల్లా సైట్ అంకె పైకి చదివి చెప్పందే విల్లు ఎత్తనివ్వను. బట్ వెనక మట్టికట్ట లేని చోట ఎవరు పిలిచినా ప్రదర్శనకి వెళ్లను.

కన్నుతో దూరం కొలవడం నేర్చుకోవాలంటే మన ఊళ్లో సులువైన దారి ఉంది. క్రికెట్ పిచ్ 22 గజాలు, 20 మీటర్లని చెప్పుకో. పిల్లలందరికీ అది ఒంట్లో ఇంకిపోయిన దూరం. ఎదురుగా ఉన్న చెట్టు దాకా ఎన్ని పిచ్‌లు పడతాయో మనసులో పరచుకో. ఒకటిన్నరంటే 30. రెండంటే 40. చెప్పాక అడుగులేసి సరిచూసుకో. రోజూ బడికి నడిచేదారిలో పది చెట్లు చెప్పు. ఫీల్డ్ ఆర్చరీ అని ఒక పోటీ ఉంది. తోటల్లో, గుట్టల్లో టార్గెట్లు పెడతారు, సగం టార్గెట్లకి దూరం రాసి ఉండదు. దూరం కొలిచే పరికరం తేనివ్వరు. త్రీడీ ఆర్చరీ అని ఇంకోటి, అందులో స్పాంజి జంతువులే లక్ష్యాలు. ప్రపంచ స్థాయి త్రీడీ పోటీలో కూడా కాంపౌండ్‌కి గరిష్ఠ దూరం 45 మీటర్లే. కదలని, నెత్తురు లేని స్పాంజి బొమ్మకే అంత హద్దు పెట్టుకున్నారు.

కన్ను మోసం చేసే చోట్లు కూడా తెలిసుండాలి. చెరువు మీదుగా చూస్తే అవతలి గట్టు దగ్గరగా అనిపిస్తుంది. తోట వరసల మధ్య నుంచి చూస్తే చివరి చెట్టు దూరంగా అనిపిస్తుంది. ప్రాంగ్‌హార్న్ ఉండేది చెట్టూ చేమా లేని బయలు, పోల్చుకోడానికి ఏమీ ఉండదు. పైగా అది చిన్న జంతువు, భుజం దగ్గర ఇంచుమించు మూడడుగుల ఎత్తే. ఆవుని చూసే కంటితో దాన్ని చూస్తే ఉన్నదానికంటే దూరంగా ఉందనిపిస్తుంది, బాణం నెత్తి మీదుగా పోతుంది. అందుకే అక్కడి వేటగాళ్లు లేజర్ రేంజ్‌ఫైండర్ మెళ్లో వేసుకు తిరుగుతారు. వాడమనే చెప్పాను. కానీ జింక అడుగు వేసిందంటే లేజర్ చెప్పిన అంకె పాతదైపోతుంది. పిచ్‌ల లెక్క అప్పుడు పనికొస్తుంది.

వాలు ఉంటే ఇంకో మెలిక. కొండపల్లి కోట మెట్ల మీద పిల్లల్ని నిలబెట్టి ఈ పాఠం చెబుతాను, ఉత్త చేతులతోనే. అది రిజర్వ్ ఫారెస్టు, విల్లు తీసుకెళ్తే నా పని అయిపోతుంది. 30 డిగ్రీల వాలులో కన్నుకి 50 మీటర్లుంటే బాణానికి లెక్క 43 మీటర్లే, ఎందుకంటే భూమి లాగేది అడ్డదూరాన్ని బట్టి. పైకి వేసినా కిందకి వేసినా అంతే, రెండింటికీ తగ్గించే పెట్టాలి. కిందకి వేసేటప్పుడు పెంచాలని నూటికి తొంభైమంది అనుకుంటారు.

పనిముట్ల సంగతి కొంచెం చెప్పి వదిలేస్తాను. మన ఎండలకి స్ట్రింగ్ సాగుతుంది. పీప్ తిరిగిపోతుంది. పీప్ అంటే స్ట్రింగ్‌లో బిగించే చిన్న కన్నం, అందులోంచే స్కోప్ చూస్తాం. మే నెలలో పది గంటలకి ఆటోలో వదిలేసిన విల్లు సాయంత్రానికి వేరే విల్లు. ప్రాక్టీసు తెల్లవారి అయిదున్నరకి మొదలుపెట్టి ఎండెక్కకముందే ముగిస్తాను. ట్యూన్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి సైట్ 20కి పెట్టి, 20, 30, 40 నుంచి వరసగా వెయ్యి. బాణాలు నిలువుగా ఒక గీతలో కిందకి దిగాలి. పక్కకి జారుతూ దిగితే బాణం ఆనే రెస్ట్ కదపాలి. గాలి తెలియడానికి టార్గెట్ నెత్తిన చిన్న జెండా పెడతాం. గుడ్డ ఆడిందంటే ఆగు, లెట్ ఆఫ్ ఉన్నది అందుకే. డెన్వర్ వాడికి ఇంకోటి కూడా చెప్పాల్సి వచ్చింది. వేట బాణానికి ముందు రెక్కల బ్లేడు ఉంటుంది, మన పోటీ ములికిలా పోదు. దానితోనే మళ్లీ మొదటి నుంచి సైట్ మార్కులు తీసుకోవాలి.

ఇవన్నీ సరిచేసుకున్నా ఒకటి మిగులుతుంది, కాలం. 30 గజాలకి బాణం సెకనులో మూడోవంతులో చేరుతుంది. 60 గజాలకి రెట్టింపు. విల్లు చప్పుడు బాణం కంటే నాలుగు రెట్లు వేగంగా పోతుంది. అంటే 60 గజాల దగ్గర చప్పుడు ప్రాంగ్‌హార్న్ చెవిన పడ్డాక బాణం తగిలేలోపు దానికి అర సెకను దొరుకుతుంది. గంటకి 80 కిలోమీటర్లు దాటి పరిగెత్తే జంతువుకి అర సెకను చాలా ఎక్కువ. నువ్వు సరిగ్గానే వేశావు, పది వలయంలోనే వేశావు, ఆ వలయం అక్కడ లేదు. ఊపిరితిత్తులకి తగలాల్సింది పొట్టకి తగులుతుంది. అది చావదు, బతకదు, మైళ్లు పరిగెత్తి ఎక్కడో పడుంటుంది. టార్గెట్ కాగితం మీద ఆరు పడితే నాలుగు పాయింట్లు పోతాయి, అంతే. ఈ తేడా అర్థం కాని వాడు వేట విల్లు ముట్టకూడదు.

అందుకే తెలివైన వేటగాళ్లు దూరంగా కొట్టడం కంటే దగ్గరికి చేరడం మీదే బుర్ర పెడతారు. ప్రాంగ్‌హార్న్ వేటలో నీటిగుంట పక్కన గుడారం వేసుకుని, ఎండలో రోజంతా కదలకుండా కూర్చుంటారు. ఆవు బొమ్మ అడ్డం పెట్టుకుని వంగి నడుస్తారు. మన దేశంలోనూ వేటలు సాగిన కాలంలో కృష్ణజింకల దగ్గరికి ఎద్దుబండి పక్కన నడుస్తూ చేరేవాళ్లు. రైతు బండిని చూసి జింక బెదరదు కదా! తుపాకీ ఉన్నవాడు కూడా బండి పక్కన నడిచాడంటే దూరం ఎంత చేటో వాళ్లకి తెలుసన్నమాట.

ఆ కాలం ముగిసింది, మంచిదే అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా అదే. చిత్రమేమిటంటే 1930లలో టెక్సాస్ చేరిన కృష్ణజింకలు అక్కడి ప్రైవేటు కమతాల్లో పెరిగి, ఇప్పటికీ డబ్బు కట్టినవాళ్ల వేటకి పనికొస్తున్నాయి. ఇక్కడ వేట ముగిసినా, మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా ఎవరో ఒకరు వస్తారు. "సారూ, మొక్కజొన్నలో పందులు పడుతున్నాయి, రాత్రికి ఓ రెండు బాణాలు వేసి పోరాదూ?" అంటారు. పంట పోయిన రైతు కడుపుమంట నాకు తెలియంది కాదు. కాఫీ ఇచ్చి, అటవీశాఖకి అర్జీ ఎలా రాయాలో చెప్పి పంపిస్తాను. నా పిల్లల్లో ఎవడైనా ఆ పనికి విల్లు తీశాడని తెలిస్తే ఆ రోజుతో వాడికి నా మైదానం బంద్. ఈ మాట చేరిన రోజే, తల్లిదండ్రుల ముందే చెబుతాను.

డెన్వర్ కుర్రాడి హద్దు చివరికి 35 గజాల దగ్గర తేలింది. మొదటి బాణాల పుస్తకం తేల్చిందది, నేను కాదు. సెప్టెంబరులో వెళ్లాడు. రెండు రోజులు గుంట పక్కన కూర్చున్నాడు. ఒక మగది 52 గజాల దగ్గర పక్కకి తిరిగి నిలబడితే స్నేహితుడు "వెయ్యి, వెయ్యి" అని గుసగుసలాడాడట. వీడు విల్లు ఎత్తలేదు. ఆ ఏడాది ఉత్తచేతులతోనే తిరిగొచ్చాడు. ఫోన్‌లో చెబుతుంటే వాడి గొంతులో కాస్త నామోషీ ఉంది. నాకు మాత్రం వాడు నా దగ్గర ఉన్నన్నాళ్లూ తెచ్చిన పతకాలన్నిటికంటే అది పెద్ద స్కోరు అనిపించింది, ఆ మాట వాడితో అన్నాను కూడా.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ మొదటిసారి చేరుతోంది. కాబట్టి ఇక మీదట 50 గీత మీద నిలబడతానని వచ్చే పిల్లలు ఇంకా పెరుగుతారు. నువ్వూ అందులో ఒకడివైతే రేపు పొద్దున్నే ఒక నోటుపుస్తకం తెచ్చుకో. కాగితం మీద 24 సెంటీమీటర్ల వలయం గీసి 20 మీటర్లలో పెట్టు. ముందు అలవాటు బాణం వెయ్యకు. ఒక్కటే వేసి, తేదీ, దూరం, గాలి, ఎక్కడ పడింది, అన్నీ రాయి. నెల రోజులు ఒక్కటి కూడా వలయం దాటకపోతే అయిదు మీటర్లు వెనక్కి జరుగు. ఒక్కటి దాటినా అక్కడే ఆగు. ఏ గీత దగ్గర ఆగిపోయావో అదే నీ దూరం. అది ఎంతని ఎవరడిగినా సిగ్గుపడకుండా చెప్పు. నాది ఈ ఏడాది 40.